మార్కోనీ మహాశయుడు - కదలు బండిపై వైర్‌లెస్ కంబము

మన గ్రంథాలయము స్థాపింపబడి యిరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున, రజతోత్సవ సంచికకు ఒక మహాపురుషుని జీవితమును వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. కవులను గూర్చియు, దేశభక్తులను గూర్చియు వ్రాయుటకు నాకంటె సమర్థులు మన చందాదారులలో పలువురు గలరు. కావున నేను వేఱొక త్రోవ పట్టితిని. పఠనమందిరమునకు వచ్చు యువకులలో లారీలును ట్రాక్టర్లును నడుపువారు కొందఱు కలరు. బండిలోని రేడియో ఊరు దాటగనే యేల గొణుగును? పోలీసు జీపుమీది సన్నని కడ్డీ అంతదూరపు మాటను ఎట్లు పట్టుకొనును? అని వారు నన్ను పలుమాఱు అడిగిరి. ఈ ప్రశ్నకు ఉత్తరమును వెదకుచు జీవితమంతయు గడపిన మనుష్యు డొకడు కలడు. ఆతడే గూలియెల్మో మార్కోనీ.

మార్కోనీ 1874వ సంవత్సరము ఏప్రిల్ 25వ తేదీన ఇటలీదేశమందలి బొలోనా నగరమున జన్మించెను. తండ్రి జూసెప్పె భూస్వామి. తల్లి ఆనీ జేమ్‌సన్ ఐర్లండుదేశపు వనిత. బొలోనాకు సమీపమున పాంటెక్కియో అను పల్లెలో విల్లా గ్రిఫోన్ అను వారి యిల్లు కలదు. బాలుడు పాఠశాలలో క్రమముగా చదివినవాడు కాడు. ఇంటివద్దనే ఉపాధ్యాయులు చెప్పిరి. తల్లి ఇంగ్లీషు నేర్పెను. లివోర్నో పట్టణమున విన్‌చెంజో రోసా అను నుపాధ్యాయునికడ విద్యుచ్ఛాస్త్రమునందు రుచి కలిగెను. విశ్వవిద్యాలయ పట్టమేదియు నాతనికి లభింపలేదు. పరీక్షలు తప్పినంతమాత్రమున తమ పిల్లలను చేతకానివారినిగా ఎంచు తలిదండ్రులు ఈ సంగతి నొకింత గమనింతురు గాక.

1894వ సంవత్సరము జనవరి 1వ తేదీన జర్మనీదేశమున హైన్‌రిఖ్ హెర్ట్జ్ అను శాస్త్రజ్ఞుడు ముప్పదియారేండ్ల ప్రాయముననే మరణించెను. కంటికి కానరాని విద్యుత్తరంగములు గాలిలో ప్రయాణించునని నిరూపించినవాడు ఆతడే. ఆ వేసవిలో కొండప్రాంతమున విశ్రాంతి తీసికొనుచున్న మార్కోనీ, హెర్ట్జ్‌ను గూర్చి బొలోనా ప్రొఫెసరు రీఘీ వ్రాసిన వ్యాసమును చదివెను. ఆ తరంగములతో తీగలేకుండ వార్త నంపవచ్చునుగదా యను తలంపు అప్పుడే మనసున నాటుకొనెను. తిరిగి వచ్చి యింటి అటకమీద ప్రయోగములు మొదలిడెను. ఒకమూల నిప్పురవ్వ పుట్టించు యంత్రము. మఱొకమూల లోహపు రజను నింపిన గాజుగొట్టము. రవ్వ ఎగిరినపుడు గొట్టములోని రజను ఒండొంటి నంటుకొని విద్యుత్తును పాఱనిచ్చును, గంట మ్రోగును. అర్ధరాత్రి తల్లిని మేల్కొలిపి ఆ గంటను వినిపించెనని చెప్పుదురు. కుమారుడు ఆటలతో కాలము వ్యర్థపుచ్చుచున్నాడని తండ్రి తలంచుచుండెను.

ఇంతవఱకు ఇతరులు చేసినదానికంటె ఆతడు చేసినది గొప్పయేమియు గాదు. ఇంగ్లండున లాడ్జ్, ఫ్రాన్సున బ్రాన్లీ, కలకత్తాలో మన జగదీశచంద్ర బసు మహాశయుడు అట్టి తరంగములతో ఆ కాలముననే పనిచేయుచుండిరి. బసుగారు 1895లో కలకత్తా పురమందిరమున గోడల నడుమగా తరంగములను పంపి గంటను మ్రోగించిరి. ఐనను మార్కోనీ 1895లో ఒక చిన్న మార్పు చేసెను. సర్వమును అందుననే యున్నది. రవ్వయంత్రముయొక్క ఒక కొనకు లోహపు రేకును కట్టి యెత్తున నిలిపెను. రెండవకొనను నేలలో పాతిపెట్టెను. ఎత్తుననున్నది ఏరియల్, నేలలోనిది ఎర్తు. వెంటనే దూరము పెరిగెను. రేకు నెంత యెత్తున నిలిపిన అంతకు మించి వార్త సాగెను. తుదకు అన్న ఆల్ఫోన్సో గ్రాహకయంత్రమును మోయించుకొని ఇంటి వెనుకనున్న గుట్ట కావలికి పోయెను. సంకేతము అందినచో తుపాకి పేల్చవలెనని ఒడంబడిక. తుపాకి పేలెను. కొండ అడ్డమున్నను వార్త దాటినది.

1896వ సంవత్సరము ఫిబ్రవరిలో తల్లి ఆతనిని లండనుకు తోడ్కొనిపోయెను. వారి పెట్టెలను సోదాచేసిన సుంకపుటధికారులు ఆ వింత పరికరమును చూచి అనుమానించి పాడుచేసిరని వాడుక కలదు. జూను 2వ తేదీన పేటెంటు దరఖాస్తు పెట్టెను. తపాలాశాఖ యింజనీరు విలియం ప్రీస్ ఆతనికి చేయూత నిచ్చెను. 1897 మే నెలలో బ్రిస్టల్ అఖాతమునకు అడ్డముగా వార్త నంపెను. జూలైలో కంపెనీ స్థాపించెను. అప్పటి కాతని వయస్సు ఇరువదిమూడు.

ఇక వాహనముల కథకు వత్తము. తంతితీగ పోగలిగినచోట తీగ పోవును; తీగ పోజాలనిది కదలు వాహనమునకే. మార్కోనీకి ఈ సంగతి మొదటనే తోచినది. 1898 జూలైలో ఐర్లండున కింగ్‌స్టౌను రేవువద్ద పడవ పందెములు జరిగినపుడు ఒక చిన్న ఆవిరిపడవ స్తంభమునకు ఏరియల్ కట్టి, పందెపు ఫలితములను ఒడ్డున నున్న వార్తాపత్రికకు పంపెను. ఆ సంవత్సరపు డిసెంబరులో గుడ్విన్ ఇసుకదిబ్బలవద్ద నిలిచియుండు దీపపు టోడకు పరికరము నమర్చిరి. 1899 ఏప్రిల్‌లో పొగమంచున ఆ దీపపుటోడనే మఱొక యోడ ఢీకొనగా, సహాయము కావలెనని ఒడ్డునకు వార్త చేరెను. సముద్రమున ఆపదయందున్నవారు వైర్‌లెస్ నాశ్రయించిన తొలినాళ్ళ సంఘటనలలో ఇది యొకటి.

ఓడమీద ఇంత సులువైన పని నేలమీద ఎంత కష్టమో ఆ సంవత్సరాంతముననే తెలిసివచ్చెను. 1899లో దక్షిణాఫ్రికాయందు బోయరు యుద్ధము ప్రారంభమయ్యెను. మార్కోనీ కంపెనీవారు ఆర్గురు యింజనీర్లను ఐదు పరికరములతో పంపిరి. ఓడలకును రేవునకును నడుమ వార్తలు నడపుటయే తొలి యుద్దేశము. కాని వారు కేప్‌టౌనులో దిగిన పిమ్మట పరికరములను బండ్లమీది కెక్కించి యుద్ధరంగమునకు తీసికొనిపోయిరి. డీ ఆర్ అను రైల్వేకూడలినుండి మాడర్ నది వఱకు కేంద్రములు పెట్టిరి. అచ్చట స్తంభములు లేవు. స్థానికముగా తెచ్చిన వెదుళ్ళు ఎండకు పగిలిపోయెను. గాలిపటములతోను, వాయుగోళములతోను తీగ నెత్తిరి. గాలి ఒకపూట ఉండును, ఒకపూట ఉండదు. ధూళితుపానులు, ఉఱుములు మెఱపులు వేధించెను. ఆఱువారములు గడచిన తరువాత, 1900 ఫిబ్రవరిలో సైన్యాధికారులు ఈ వ్యవహారము చాలించి పరికరములను ఊడదీయుడని యాజ్ఞాపించిరి.

ముట్టడిలో చిక్కుకొనిన పట్టణములు వార్తకొఱకు ఎదురుచూచుచుండిన దినములవి. అపజయమునకు కారణము స్థానికాధికారులు కంబములను ముందుగా సిద్ధపఱుపకపోవుటయే యని మార్కోనీ లండనున సభలో బహిరంగముగా చెప్పెను. ఆ మాట సత్యమే కాని సంపూర్ణసత్యము కాదని నా యభిప్రాయము. తరువాతివారు విచారించి చూడగా, ఆ పొడినేలయు గొప్ప దోషియని తేలినది. ఇసుకయు రాయియు గల యెండుభూమి విద్యుత్తును సులభముగా గ్రహింపదు. ఎర్తు సరిగా లేనపుడు కంబ మెంత పొడవైనను సగము బలము వేడియై నేలలోనే నశించును. ఆ పరికరములనే నౌకాదళమువారు తీసికొని డెలగోవా అఖాతము వద్ద తిరుగు యుద్ధనౌకలకు అమర్చగా చక్కగా పనిచేసెను. ఓడకు ఎత్తైన స్తంభము సిద్ధముగా నున్నది. ఇనుపయొడలు ఉప్పునీటిలో మునిగియున్నది. ఉప్పునీటిని మించిన ఎర్తు భూమిమీద దుర్లభము. ఆ ఆర్గురిలో ఫ్రాంక్లిన్ అను యువకు డొక డుండెను. ఆతని ప్రసక్తి మరల వచ్చును.

ఈ అపజయము మార్కోనీని ఊరకుండనీయలేదు. 1901లో థార్నిక్రాఫ్ట్ కంపెనీవారి ఆవిరిబండి నొకదానిని తీసికొని దానిపై వైర్‌లెస్ నమర్చెను. ఆతడును సహచరులును ఆ బండిపై నున్న ఛాయాచిత్రము నేటికిని లభించుచున్నది. బండికప్పుమీద పెద్ద లోహపుగొట్టము నిలువుగా నిలిచియుండును. చూచువారికి పొగగొట్టమని భ్రమ కలుగును. అదియే ఏరియల్. దాని యెత్తు సుమారు ఇరువది అడుగులు. ప్రయాణమున చెట్లకొమ్మలు తగులకుండ దానిని కప్పుమీదికి వాల్చుకొనవచ్చును. సన్నతీగను విడిచి లావుగొట్టము నేల పెట్టెననగా, తీగను నూఱడుగులెత్తున నిలుపుటకు బండిమీద వీలులేదు. ఎత్తు తగ్గినప్పుడు లోహపు వైశాల్యమును పెంచినచో అది యెక్కువ విద్యుత్తును నిలువచేసికొని కొంతలోటు తీర్చును. ఎర్తునకు మఱియొక యుపాయము పన్నెను. ఇనుపతీగల వల నొకదానిని నేలమీద పఱచిన చాలును, బండి పోవునపుడు వెనుక ఈడ్చుకొనిపోవచ్చునని కనిపెట్టెను. వీధిలో ఆవిరిబండి వల నీడ్చుకొనిపోవుట చూచి జనులు నవ్వియుందురు. కాని బండిమీది వైర్‌లెస్‌నకు కావలసిన మూడు మర్మములు - ఎత్తు, వైశాల్యము, ఎర్తు - ఆ బండిమీదనే కూడియున్నవి.

నేటి జీపుమీది కడ్డీని ఈ దృష్టితో చూడుడు. 150 మెగాహెర్ట్జ్ ప్రాంతమున మాటాడు వైర్‌లెస్‌కు తరంగదైర్ఘ్యము 2 మీటర్లు. అందు నాలుగవవంతు, అనగా అరమీటరు కడ్డీ చాలును. కాని కడ్డీ సగము మాత్రమే. తక్కిన సగము బండియొక్క ఇనుపకప్పు. మార్కోనీ వల చేసిన పని ఇచట కప్పు చేయుచున్నది. అందుచేతనే కప్పునకు నట్టనడుమ నిలిపిన కడ్డీ నలుదిక్కులకు ఇంచుమించు సమముగా పనిచేయును. మూలనో బంపరునకో బిగించినది ఒక దిక్కున బలముగాను, మఱొక దిక్కున నీరసముగాను ఉండును. తరంగము పొడవైనకొలది కష్టము పెరుగును. 40 మీటర్ల షార్టువేవ్‌నకు నాలుగవవంతు 10 మీటర్లు. అంత కంబముతో రోడ్డుమీద పోయినచో కరెంటుతీగలకు తగిలి ప్రాణములకే ముప్పు. కావున రెండు మూడు మీటర్ల కడ్డీకి తీగచుట్ట నొకదానిని చేర్చి, పొడవు చాలినట్లు విద్యుత్తును మభ్యపెట్టుదురు. ఆ చుట్ట సన్నతీగతో చేసినదైనచో బలమంతయు అందులోనే వేడియై పోవును; లావుతీగతో చేసి, కడ్డీ మొదట గాక నడుమ నుంచినచో మేలు. కొనయందు చువ్వలచక్రమును గొడుగువలె పెట్టుటయు కలదు. అది మార్కోనీ లావుగొట్టమునకు మనుమరాలు.

ఇచట నా యనుభవ మొకటి చెప్పెదను. మా యింట ఒక పాత జీపు ఉండెడిది. దానికి రేడియో పెట్టించితిని. ఇంజను తిరుగుచున్నంతసేపు టకటకమను చప్పుడే గాని పాట వినబడదు. రేడియో చెడ్డదని అమ్మినవానితో కలహించితిని. చివరకు ఒక ముసలి మెకానిక్కు వచ్చి, ఏరియల్ బిగించిన బోల్టుక్రింది రంగును, త్రుప్పును గరుకు కాగితముతో గీకి, ఇనుము తళతళలాడునట్లు చేసి మరల బిగించెను. బానెట్టునకును ఛాసిస్‌నకును నడుమ అల్లికతీగ నొకదానిని కలిపెను. పాట వినబడెను. రంగుపూత ఎర్తునకు అడ్డుగోడయని నాకు ఆనాడు తెలిసినది. కలహించినందుకు సిగ్గుపడితిని.

1901 డిసెంబరు 12వ తేదీన మార్కోనీ కీర్తి శిఖరమున కెక్కెను. ఇంగ్లండు పడమటికొననున్న పోల్డూనుండి పంపిన ఎస్ అను అక్షరమునకు గుర్తైన మూడు చుక్కలను, అట్లాంటిక్ సముద్రమున కావల న్యూఫౌండ్లండులోని సిగ్నల్‌హిల్ మీద ఆతడు వినెను. కంబములు తుపానుకు కూలిపోయినందున గాలిపటముతో సుమారు 500 అడుగుల తీగ నెత్తవలసివచ్చెను. వినినవారు ఆతడును సహాయకుడు కెంప్ మాత్రమే. అందుచే పలువురు నమ్మలేదు, నేటికిని సందేహించువారు కలరు. అప్పు డుపయోగించిన పాదరసపు గ్రాహకము ఇటలీ నౌకాదళమునుండి వచ్చినది. అట్టి గ్రాహకమును బసుగారు 1899లోనే వర్ణించి ప్రకటించిరని తరువాతి పరిశోధకులు చూపిరి. తొలినాట తన శోధనలకు పేటెంటు కోరని బసుగారికి ఈ ఖ్యాతిలో రావలసిన భాగము రాలేదనుటకు నేను వెనుదీయను.

సందేహమును తీర్చినది మరల వాహనమే. 1902 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా అను ఓడపై ఎత్తైన ఏరియల్ కట్టి మార్కోనీ అమెరికాకు బయలుదేరెను. ఈమాఱు చెవులతో వినుట గాక కాగితపుపట్టీమీద సంకేతములు అచ్చుపడునట్లు చేసి, కెప్టెను చేవ్రాలు చేయించెను. 1,551 మైళ్ళవఱకు వార్తలును, 2,099 మైళ్ళవఱకు ఎస్ అక్షరమును అందెను. ఇవి రాత్రివేళ సంగతులు. పగటివేళ 700 మైళ్ళు దాటగనే సంకేతములు మాయమయ్యెను. వెలుతురు వార్తను మ్రింగుచున్నదని ఆ యోడమీదనే కనుగొనబడినది. రాత్రులందు మన రేడియోలో దూరదేశపు స్టేషన్లు హెచ్చుగా వినవచ్చుటకు మూలకారణ మిదియే. మీదనున్న అయనమండలము పగటి యెండకు మాఱుచుండును.

1909లో ఆతనికి జర్మనీదేశీయుడైన బ్రౌన్‌తో కలిపి భౌతికశాస్త్రమున నోబెల్ బహుమాన మిచ్చిరి. 1912 ఏప్రిల్ 15వ తేదీ రాత్రి తెల్లవాఱకమునుపే టైటానిక్ మునిగినది. అందు వైర్‌లెస్ పనిచేయుచుండిన ఫిలిప్స్, బ్రైడ్ అను ఇరువురు యువకులు మార్కోనీ కంపెనీ యుద్యోగులు. ఓడ యొఱగుచున్నను వారు పిలుపులు మానలేదు. ఫిలిప్స్ ప్రాణములు విడిచెను. కార్పాథియా అను ఓడ ఆ పిలుపు విని వచ్చి ఏడువందలకు పైగా జనులను కాపాడినది. కాని యంతకంటె దగ్గఱనున్న కాలిఫోర్నియన్ అను ఓడలోని వైర్‌లెస్ ఉద్యోగి పని ముగించుకొని నిద్రించుచుండెను. పదునైదువందలమంది సముద్రము పాలైరి. రాత్రింబగళ్ళు ఎవరైన వినుచుండవలెనను కట్టుబాటు అటుపిమ్మటనే యేర్పడినది.

ఆ సంవత్సరము సెప్టెంబరులో ఇటలీయందు కారు ప్రమాదమున మార్కోనీ కుడికన్ను పోగొట్టుకొనెను. గృహజీవితమును సుఖమయము కాలేదు. 1905లో బియాట్రిస్ ఓబ్రియెన్‌ను వివాహమాడెను, ప్రయాణములు, ప్రయోగములు, పరస్త్రీ స్నేహములు వారిని వేఱుపఱచెను, 1924లో విడిపోయిరి. 1927లో మరియ క్రిస్టీనా బెజ్జి-స్కాలిని పెండ్లాడెను.

1919లో ఆతడు ఒక ఆవిరియోడను కొని దానికి ఎలెట్రా యని పేరిడెను. అది ఇల్లును, ప్రయోగశాలయు రెండును. దాని స్తంభములనడుమ ఏరియల్ తీగలు ఎల్లపుడును వ్రేలాడుచుండెడివి. అంతవఱకు పెద్ద పెద్ద కంబములతో దీర్ఘతరంగములు నడపుటయే గొప్పయని ఆతడును నమ్మియుండెను. 1923లో, పోల్డూలో ఫ్రాంక్లిన్ - దక్షిణాఫ్రికా బండ్లవెంట ధూళి తినిన ఆ ఫ్రాంక్లినే - 97 మీటర్ల షార్టువేవ్‌ను అద్దమువంటి ఏరియల్‌తో ఒకదిక్కునకే పంపుచుండగా, మార్కోనీ ఎలెట్రాపై కేప్‌వర్డ్ ద్వీపములవఱకు పోవుచు వినెను. రెండువేల మైళ్ళకు పైబడిన దూరమున, బలము ఒక కిలోవాటునకు తగ్గించినను, మహాబలముగల దీర్ఘతరంగ కేంద్రముకంటె స్పష్టముగా వినవచ్చెను. ఇరువది సంవత్సరముల తన మార్గము తప్పని ఒప్పుకొనుటకు ఆతడు సంకోచింపలేదు. దాని ఫలితము మనదేశమునకును తాకినది. 1927 సెప్టెంబరులో ఇంగ్లండునకును హిందూదేశమునకును షార్టువేవ్ బీము మార్గము తెఱవబడినది. పూనా సమీపమున కిర్కీలో ప్రేషకకేంద్రమును, ధోండులో గ్రాహకకేంద్రమును ఉండెను.

ఒక మచ్చను దాచుట న్యాయము కాదు. 1923లో మార్కోనీ ఫాసిస్టు పక్షమున చేరెను. 1930లో ముస్సోలినీ ఆతనిని ఇటలీ రాయల్ అకాడమీ కధ్యక్షునిగా నియమించెను. 1935లో ఇటలీ అబిసీనియాపై దండెత్తగా ఆతడు విదేశములందు దానిని సమర్థించెను. సముద్రమున మునుగువారి మొఱను లోకమునకు వినిపించిన ఆ యంత్రమును నిర్మించినవాడు, అబిసీనియా ప్రజల మొఱను మాత్రము వినలేదు.

గుండెజబ్బుతో 1937 జూలై 20వ తేదీన రోమునగరమున మరణించెను. మఱునాడు పలుదేశముల రేడియోకేంద్రములు రెండునిమిషములు మౌనము వహించినవి. ఆతని దేహము విల్లా గ్రిఫోన్‌వద్దనే సమాధిచేయబడియున్నది. ఎలెట్రా యోడను రెండవ మహాయుద్ధమున జర్మనులు స్వాధీనము చేసికొనిరి. 1944 జనవరిలో డాల్మేషియా తీరమున బాంబుదెబ్బలకు అది ధ్వంసమయ్యెను. యుద్ధానంతరము దాని శిథిలములను ఇటలీకి తెచ్చి ముక్కలుగా పంచిరి. వానిలో ఒక పెద్దభాగము, బాలుడు అటకమీద గంట మ్రోగించిన ఆ యింటి తోటలోనే నేటికిని నిలిచియున్నది.